కలరా ఉండల వాసన

మంగళవారం

పుట్టిన మూడోనాడు బాబు మడమకు సూది గుచ్చి తీసిన రక్తంలో ఏదో ఎంజైము తక్కువని తేలింది. అది పుట్టుకతో వచ్చిందట, పోయేది కాదట. కలరా ఉండల వాసన తగిలినా రక్తకణాలు పగిలి కామెర్లు వస్తాయని ఉదయం ఆసుపత్రిలో నర్సమ్మ మా ఇద్దరికీ చెప్పింది. అత్త నాకన్నా ఎక్కువ తల ఊపింది.

ఇంటికి రాగానే ఆమే ట్రంకుపెట్టె తెరిచి, ఉండలు ఏరి పారేసి, అందులోని పాత గుడ్డలోనే బాబును చుట్టబోయింది.

"వద్దత్తా, గుడ్డంతా వాసనే" అన్నాను.

"ఏందిమే, ఉండలు తీసేసినా గదా! వాసన గూడా కరస్తాదా? నీ మొగుడు ఈ గుడ్డల్లోనే పెరిగినాడు."

"ఆయనకు ఈ లోపం లేదు, వీడికుంది!"

"ఓయబ్బ, నీకు నోరు గూడా ఉండాదే!"

ఎన్నిసార్లని చెప్పాలి? బాబును లాక్కుని నా చీర కొంగులో చుట్టుకున్నాను. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె.

కానీ ఆయన ముత్తుకూరు పనికి పట్టుకెళ్లిన చొక్కాలూ ఆ పెట్టెలోవే. ఆదివారం అక్కడి నుంచి వాటిలో ఒకటి తొడుక్కునే వచ్చి, గుమ్మంలోనే కొడుకు కోసం చేతులు చాస్తారు. అత్త ఎదురుగా ఆయనతో "ముందు చొక్కా విప్పండి" అని ఎట్లా అనేది?