తదుపరి ఉత్తర్వులు వచ్చే వరకు: పద్దెనిమిది కంప్యూటర్లు, ఒక టీవీ, వాటి పంపకం

ఈ వీలునామా రాస్తున్నది నేను. నీటి మీటర్ల కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు స్టోర్ కీపరుగా చేసి రిటైరైనవాణ్ని. వయసు డెబ్బై రెండు. వీధిలో నన్ను రసీదు బాబాయ్ అంటారు. పాల ప్యాకెట్టుకు కూడా రసీదు అడుగుతానని నా మీద ఒక అపవాదు ఉంది. అది అపవాదు కాదు, నిజమే. నా బుద్ధి నిలకడగా ఉంది. ఇది రాయమని నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఈ సంగతిని ధ్రువీకరిస్తూ వైద్యుడిచ్చిన కాగితం వెనుక జతపరిచాను. ఆయన పళ్ల వైద్యుడు. పన్ను పీకుతున్నప్పుడు కూడా నేను తెలివిగానే అభ్యంతరం చెప్పానని రాసిచ్చారు.

ఈ వీలునామాను అమలు జరపవలసినది నా కుమార్తె. ఆమె కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ మొదలుపెట్టే మనిషి, కాబట్టి నాకు దిగుల్లేదు.

1. ఆస్తి నాకు సంక్రమించిన విధం.

పంతొమ్మిదేళ్ల కిందట ఒక వానాకాలం మా కార్యాలయం స్టోర్ గది పైకప్పు కారింది. ఆఫీసులో కొత్త కంప్యూటర్లు దిగిన వారమే అది. పాతవి పద్దెనిమిది స్టోర్లో గోడవారగా ఉన్నాయి. వాటిని ఉంచాలో తీసేయాలో తేల్చడానికి ముగ్గురితో ఒక కమిటీ వేశారు. కమిటీ తేల్చేలోగా తడిసి పాడవుతాయని మా పెద్దసారు నన్ను పిలిచి, "నీ ఇల్లు దగ్గరే కదయ్యా, నాలుగు రోజులు పెట్టుకో" అన్నారు. నోటిమాట చాలదన్నాను. కాగితం మీద రాసిచ్చారు: "తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు సదరు యంత్రములను స్టోర్ కీపరు తన గృహమందు, పనిచేయు స్థితిలో భద్రపరచవలెను." ఈ ఒక్క వాక్యం మీద మా కాపురం పంతొమ్మిదేళ్లు నడిచింది.

నాలుగు రోజుల్లో పైకప్పు బాగుచేశారు. కమిటీ మాత్రం కూర్చోలేదు. ఒకరికి బదిలీ అయింది, ఇంకొకరికి పదోన్నతి వచ్చింది, మూడో ఆయన తానొక్కడే కమిటీ కాలేనని రాసి ఊరుకున్నాడు. పెద్దసారు రిటైరయ్యారు, తర్వాత కాలం చేశారు. నేనూ రిటైరయ్యాను. మా కార్యాలయాన్ని ఇంకో కార్యాలయంలో కలిపేశారు. ఏడాదికి రెండు చొప్పున ఉత్తరాలు రాస్తూ వచ్చాను. ముప్పై ఏడో ఉత్తరానికి పోయిన నెల జవాబు వచ్చింది. సదరు కంప్యూటర్లు తమ రిజిస్టరులో లేవని, ఆ కాలపు రిజిస్టరును చెదలు తినేశాయని, లేని వాటి గురించి ఇకపై రాయవద్దని అందులో ఉంది. చివర్లో "మీ వద్ద ఉన్నవి మీవే అయి ఉండును" అన్నారు.

అద్దె ఇంట్లో ఉండేవాణ్ని. చేతి గడియారం, ఒక సైకిలు తప్ప నాకంటూ ఏమీ లేదు. ఒక్క రోజులో పద్దెనిమిది కంప్యూటర్లకు యజమానినయ్యాను. అందుకే ఈ వీలునామా.

2. టీవీ నా భార్యకు చెందవలెను.

ఇందులో వివాదానికి తావు లేకుండా జరిగింది రాస్తున్నాను. కంప్యూటర్లను లెక్క చూడటానికి ఏటా మార్చిలో ఆఫీసు నుంచి తనిఖీ గుమాస్తా మా ఇంటికి వచ్చేవాడు. హాల్లో పన్నెండు, పడకగదిలో నాలుగు, వంటింట్లో రెండు. అన్నిటికీ అంకెల చీటీలు అంటించి, టీ తాగి వెళ్లేవాడు. పదేళ్ల కిందట ఆయన కొత్త కళ్లద్దాలు పెట్టుకొచ్చాడు. అలమరా పక్కనున్న మా సొంత టీవీ కూడా అప్పట్లో పెద్ద డబ్బాలాగే ఉండేది. దాని మీద పంతొమ్మిది అని చీటీ అంటించి, రిజిస్టరులో ఎక్కించేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం నా భార్య టీవీ పెట్టబోతే నేను వద్దన్నాను. ఆఫీసు సొత్తును సొంతానికి వాడుకోకూడదు. చీటీ తప్పని నాకూ తెలుసు. కానీ తప్పు సరిదిద్దే అధికారం అంటించినవాడికే ఉంది, ఆయన మళ్లీ మార్చిలోగాని రాడు. ఆమె టీవీ మీట మీదినుంచి చెయ్యి తీయలేదు. "మన పెళ్లినాడు కొన్నదండీ ఇది" అంది. ఆధారం అడిగాను. రసీదు ఉంటే ఇవ్వమన్నాను.

ఈ ఒక్క మాట అనకుండా ఉండాల్సిందని ఇక్కడ లిఖితపూర్వకంగా ఒప్పుకుంటున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమె ఎదురింటి మేడ మీద ఉండే తన చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. "అవన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అని గుమ్మంలో అంది. తదుపరి ఉత్తర్వులు రావాలన్నాను. చీటీ సంగతి మరుసటి మార్చిలో గుమాస్తాకు చెప్పాను. తీసేస్తే ఒకటి తగ్గిందని తన మీదికి వస్తుందని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఉండనిచ్చాను. అలా ఆమె పదేళ్లు ఎదురింట్లో ఉంది.

పోయిన నెల జవాబు పట్టుకుని నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటాను. ఆమె నిలబడే చదివింది. చదివి, "అయితే టీవీ నాదేనా?" అంది.

నీదే. ఇందుమూలంగా సర్వహక్కులతో నీదే. అది పనిచేయదు.

3. ఏడో నంబరు కంప్యూటరు, అందులోని ఆటతో సహా, నా భార్యకే చెందవలెను.

"పనిచేయు స్థితిలో" అన్న మాట కోసం నెలకొకసారి ప్రతి యంత్రాన్నీ వెలిగించి, మీటలన్నీ నొక్కి చూసేవాణ్ని. ఏడో దానిలో మా ఆఫీసు టైపిస్టు ఎప్పుడో పెట్టుకున్న ఆట ఒకటి ఉంది. పైనుంచి ఇటుకలు పడుతుంటాయి, సందు లేకుండా పేర్చాలి. మీటలు పరీక్షించడానికి అంతకన్నా మంచి మార్గం లేదు కాబట్టి విధి నిర్వహణలో భాగంగా ఆడేవాణ్ని. ఒక్కోసారి ఆరు గంటలు పరీక్షించేవాణ్ని.

గెలిచినవాళ్ల పట్టిక ఒకటి అందులో కనబడుతుంది. పేరుకు మూడక్షరాలే పడతాయి. పట్టికలో అందరూ మా ఆఫీసువాళ్లే: టైపిస్టు, జీపు డ్రైవరు, క్యాషియరు. అందరికన్నా పైన పెద్దసారు. మా ఆఫీసులో ఏ కమిటీ అయినా ఎందుకు కూర్చునేది కాదో అప్పుడర్థమైంది.

ఆమె ఎదురింటికి వెళ్లిన ఏడాదికి కుట్టుమిషను తీసుకెళ్లడానికి వచ్చింది. నేను ఆడుతున్నాను. వెనకాల నిలబడి కాసేపు చూసి, "అలాగేనా పేర్చేది? లేవండి" అంది. లేచాను. కుట్టుమిషను సంగతి మరిచిపోయింది. ఆ రోజునుంచి రోజూ నాలుగింటికి వచ్చేది, ఏడింటికి వెళ్లిపోయేది. నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ని. అవసరమైనప్పుడు "ఎడమకి" అనేవాణ్ని. "తెలుసు" అనేది. వీధిలోవాళ్లు మేము విడిపోయామో కలిసున్నామో తేల్చుకోలేక, పిలుపులకు రెండిళ్లలోనూ చెప్పేవారు.

రెండో ఏడు శ్రావణంలో ఒక ముసురు రోజున ఆమె పెద్దసారును దాటేసింది. పేరు అడిగితే ఏం చేయాలో తెలియక ఒకే అక్షరాన్ని మూడుసార్లు నొక్కింది. ఆఫీసు సొత్తులో నమోదైన వివరం మారింది కాబట్టి నేను వెంటనే ఆఫీసుకు రాశాను. అది ఇరవయ్యో ఉత్తరం.

నా తదనంతరం ఆమె ఎంతసేపు ఆడుకున్నా ఎవరూ అడగరాదు. స్టూలు కూడా ఆమెకే. అది ఖాళీగా ఉంచాలా, దాని మీద ఏదైనా పెట్టుకోవాలా అన్నది ఆమె ఇష్టం.

4. నాలుగో నంబరు కంప్యూటరు నా కుమార్తెకు చెందవలెను.

అమ్మా, నువ్వు చదువుకునే రోజుల్లో ఆఖరి ఏడాది వ్యాసం టైపు చేసుకోవడానికి ఒక కంప్యూటరు అడిగావు. ఇంట్లో పద్దెనిమిది ఉన్నాయి. నేను అర్జీ పెట్టుకోమన్నాను. నువ్వు పెట్టావు, "గౌరవనీయులైన నాన్నగారికి" అని మొదలుపెట్టి. దాన్ని సిఫారసుతో ఆఫీసుకు పంపాను. నువ్వు ఆ వ్యాసం చేత్తో రాసుకున్నావు, నలభై పేజీలు. తొమ్మిదేళ్ల తర్వాత జవాబు వచ్చింది. అర్జీదారు ఉద్యోగి కానందున వీలుపడదన్నారు. అప్పటికి నువ్వు కొలువులో చేరి ఆరేళ్లు.

ఆ అర్జీ నకలు నా దగ్గర ఉంది. పోయిన వారం దాని మీద ఎర్ర సిరాతో "మంజూరు చేయడమైనది" అని రాసి సంతకం పెట్టాను. కంప్యూటరుతోపాటు అది కూడా తీసుకో. నీకిప్పుడు ఇది దేనికీ పనికిరాదని తెలుసు. పారేయాలనిపిస్తే పారెయ్. కారణం రాయనక్కర్లేదు.

5. పద్దెనిమిది రబ్బరు గోళీలు నా బావమరిదికి చెందవలెను.

పాతకాలపు మౌసుల కింద రబ్బరు గోళీ ఒకటి తిరుగుతుండేది. పన్నెండేళ్ల కిందట నేను ఆపరేషనుకని ఆస్పత్రిలో ఉన్నప్పుడు, దర్జీ పని చేసే మా బావమరిది మా ఇంట్లో వారం పడుకున్నాడు. నేను తిరిగొచ్చాక లెక్క చూస్తే గోళీలు పదిహేడే ఉన్నాయి. నేను అతణ్ని ఏమీ అనలేదు. సంజాయిషీ మాత్రం అడిగాను, మూడుసార్లు, కాగితం మీద. మూడోదానికి అతను "బావా, నీ గోళీ నేనేం చేసుకుంటాను, తింటానా?" అని వెనకాల రాసి పంపాడు. అప్పటినుంచి మాటల్లేవు. నా చొక్కాలు వేరే దర్జీ కుడుతున్నాడు. చేతులు పొట్టిగా వస్తాయి.

గోళీ దొరికింది. నా రెయిన్‌కోటు లోపలి జేబులో ఉంది. ఆస్పత్రికి వెళ్లే ముందు భద్రంగా ఉంటుందని నేనే పెట్టుకున్నాను. దొరికి నాలుగేళ్లయింది. ఎదురుపడి చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. బావమరిదీ, తప్పు నాది. అన్నీ నీకే.

6. ఈ నిబంధనలో తనిఖీ గుమాస్తా చూపు గురించి కొన్ని మాటలు రాశాను. మా అమ్మాయి చదివి, వృత్తిరీత్యా బాధపడి, కొట్టేసింది. ఆయన రిటైరయ్యాక కూడా మూడేళ్లు అలవాటుగా వచ్చి లెక్క చూసి వెళ్లాడు కాబట్టి నా స్టాంపు ప్యాడు ఆయనకు ఇవ్వవలెను.

7. మిగిలిన పదహారు కంప్యూటర్ల మీద ఎవరికీ ఏ హక్కూ లేదు. అవి ఇప్పుడు లేవు.

జవాబు వచ్చిన రోజు నేను అన్నిటినీ ఉంచేద్దామనుకున్నాను. పంతొమ్మిదేళ్లు తుడిచినవి. పదకొండో దానికి వెలిగే ముందు చిన్న దగ్గులాంటి చప్పుడుంది. పద్నాలుగో దాని మీద ఎవరో ఆఫీసులో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఉంది. ఇలా ఒక్కోదాని గురించీ చెప్పుకుంటూ పోయాను. నా భార్య అంతా విని, "ఇన్నాళ్లూ నా కోపం ఆఫీసు మీదండీ. ఇప్పుడవి మీవి. ఇకమీదట ఉంచుకుంటే అది మీ మీద" అంది. అని వీధి దాటి వెళ్లిపోయింది.

ఆ మాట మూడు వారాలు నా వెంటే తిరిగింది. ఉత్తర్వు కోసం ఎదురుచూడటం నాకు చేతనైన పని. ఉత్తర్వు ఇవ్వడం ఎన్నడూ చేయలేదు. చివరికి నిన్న ఒక తెల్లకాగితం తీసుకుని, "సదరు యంత్రములను తొలగించవలెను" అని రాసి, కింద సంతకం పెట్టి, నకలు ఒకటి నాకే ఇచ్చుకున్నాను.

ఈ రోజు పొద్దున ఆఖరిసారి ఒక్కొక్కటీ వెలిగించాను. మూడు వెలగలేదు. అవి వెలగక ఆరేళ్లయిందని, అయినా అన్నీ పనిచేస్తున్నాయనే రాస్తూ వచ్చానని కూడా ఇక్కడ ఒప్పుకుంటున్నాను. పదిన్నరకు పాత సామాన్లవాడు బండి తెచ్చాడు. రసీదు అడిగితే, "పాత సామానుకి రసీదేంటి బాబాయ్, నువ్వు ఇంట్లో చోటు చేసుకుంటున్నావు, నేను మోస్తున్నాను, అంతే కదా" అన్నాడు. ఎందుకో, సరేనన్నాను. నా జీవితంలో రసీదు లేకుండా వదిలినవి ఆ పదహారే.

బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి వచ్చేసరికి నా భార్య హాలు మధ్యలో ఉంది. చేతిలో తన పెట్టె. నేల మీద కంప్యూటర్లున్న చోటల్లా గచ్చు కొత్తదిలా మెరుస్తోంది. "ఇల్లు ఇంతుందా!" అంది. పెట్టె దించి ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది, అటునుంచి ఇటు నడిచింది. నన్నూ నడవమంది. నడిచాను. ఎదురెదురుగా వచ్చినా ఎవరమూ పక్కకు ఒత్తిగిలలేదు.

ఈ వాక్యం రాసే సమయానికి మధ్యాహ్నం రెండయింది. ఆమె హాల్లో చాప పరుచుకుని చేతులూ కాళ్లూ బారచాపి నిద్రపోతోంది. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని, చప్పుడు కాకుండా రాస్తున్నాను.

తేదీ: మార్చి పదకొండు, సోమవారం, రెండు వేల ఇరవై నాలుగు.

(సంతకం) నీటి మీటర్ల కార్యాలయం మాజీ స్టోర్ కీపరు, స్వహస్తాలతో

సాక్షులు:

మొదటి సాక్షి: వీధి చివర జిరాక్సు దుకాణం ఆవిడ. ముప్పై ఏడు ఉత్తరాలకూ నకళ్లు తీసిన మనిషి.

రెండో సాక్షి: పాత సామాన్లవాడు. తాడు మరిచిపోయి తిరిగొచ్చినప్పుడు పట్టుకుని సంతకం చేయించాను. ఆమె నిద్ర చెడకూడదని అతను చెప్పులు బయటే విడిచి వచ్చాడు.