చెవిలో మిరప రేటు

మంగళవారం రాత్రి

పొద్దున ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎకనామిక్స్ పాడ్‌కాస్ట్ వింటూ పరుగెత్తుతుంటే సుబ్బారావు బాబాయ్ బండి అడ్డం పెట్టాడు.

"ఏమ్మా, ఇవాళేమంటున్నాడు? కాయలు అమ్మమంటున్నాడా, ఆగమంటున్నాడా?"

"ఎవరు బాబాయ్?"

"నీ చెవిలో మాట్లాడేవాడు! ఆగితే రేటు పెరుగుతుందని వాడే అన్నాడట, మీ నాన్న చెప్పాడుగా. ఆ మాట మీదే ఊళ్లో సగం మందిమి మిరపకాయలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాం."

నేను వింటున్నది జపాన్‌లో వడ్డీల గురించి! ఆగితే రేటు పెరుగుతుందేమోనని మొన్న అన్నం తింటూ నాన్నతో అన్నది నేనే, అదీ ఊరికే.

సాయంత్రం నాన్నను నిలదీశాను. మిరప ధర గురించి నాకేమీ తెలియదని ఏడుస్తూ చెప్పాను.

"బాగా చదువుకున్నోళ్లు అట్టాగే అంటారమ్మా" అని మురిసిపోయాడు.

రేపు ఇంటింటికీ వెళ్లి చెప్పినా, వాళ్లూ ఇలాగే అనుకుంటే...