పీట మీద పుస్తకాలు

సుగుణా,
నూలు కోసం మొదటి బస్సుకే కరీంనగర్ పోతున్న. పొద్దుగూకేవరకు వస్త. దసరా పూజల పెట్టిన నీ పుస్తకాలు పీట మీదికెళ్లి తీసి కిటికీల పెట్టిన. డాక్టరీ కాలేజి పరీక్షకు ఇయ్యాల్నే సదువుడు మొదలువెట్టు. దీపావళి దాటినంకనే మంచిరోజున్నదని బాపు అంటుండు. మరి అదే పీట మీదున్న నా మగ్గం నాడెను పండుగ తెల్లారే ఎందుకు తీపిచ్చిండు? అడిగితే అన్న తీసిండని చెప్పు, నువ్వు ఎదురు మాట్లాడకు. కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టే తీసిన. ఉట్టి మీద గటుకున్నది, తిని కూసో.
అంబదాసు

ఇంకో మాట. నీ సైన్సు పుస్తకం జర తెరిచి చూసిన. గుండెకాయ బొమ్మ దాక సమజైంది, ఆ తర్వాత కాలే. ఆ ఒక్క పాఠం నేనొచ్చేదాక ఆపు. మగ్గం పక్కన కూసోని పైకి సదువుదువు, నేసుకుంట వింట.