బామ్మ గొంతు పంపకం

ముసలివాళ్ళ గొంతు వణకాలని మొదట ఎవరు చెప్పారు? ఇరవై నాలుగేళ్ళ వయసులో మైకు ముందు నిలబడి ఒక బామ్మ పాత్రకు గొంతిచ్చిన రోజు నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది. వీలునామాలో ప్రశ్నలు ఉండకూడదని మా లాయరమ్మ అంటుంది. ఉండకూడనివి నా దగ్గర చాలానే ఉన్నాయి కాబట్టి దీన్నీ ఉండనిస్తున్నాను.

నలభై ఆరేళ్ళ వయసు కలిగి, సినిమాలకూ సీరియళ్ళకూ డబ్బింగ్ చెప్పుకుని జీవిస్తూ, స్టూడియోలో అందరిచేతా "బామ్మ" అని పిలిపించుకునే నేను, జ్వరం గానీ కోపం గానీ లేని ఒక మంచి ఉదయాన, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసుకుంటున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉంది. మనసు సంగతి అడగవద్దు. యూనివర్సిటీలో ఏ సబ్జెక్టు తీసుకోవాలా అని ఊగడం మొదలుపెట్టింది, ఇంకా ఆగలేదు. ఇంతకు ముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు.

జబ్బేమీ లేదు. మా డబ్బింగ్ కళాకారుల సంఘం నుంచి నోటీసు వచ్చింది: సభ్యుల తదనంతరం వారి కార్డు ఎవరికి చెందాలో వీలునామాలో రాసి ఉంటేనే చెల్లుతుందట, లేకపోతే రద్దు. ఎలాగూ కాగితం తీశాను కదా అని మిగతావీ రాస్తున్నాను.

నాకు భర్త లేడు, పిల్లలు లేరు. నాతో ఉంటున్నది మా అమ్మ అక్క, అంటే మా పెద్దమ్మ. వయసు డెబ్బై రెండు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. పని ఉన్న రోజుల్లో మా దగ్గరే ఉండిపోయేది నా మేనకోడలు, మా అన్నయ్య కూతురు. వయసు ఇరవై మూడు. అదీ నా వృత్తిలోనే ఉంది. ఈ వీలునామాను అమలు జరపవలసినవాడు మా సౌండ్ ఇంజినీరు. అద్దానికి అవతల కూర్చుని ఇన్నేళ్ళుగా నా తప్పులు విన్నవాడు. వాటిని ఎవరికీ చెప్పలేదు కాబట్టి నమ్మకస్తుడని తేలింది.

ఒకటి. ఇల్లు. ఉన్నది అద్దె ఇల్లు, కాబట్టి రాసివ్వడానికి లేదు. ఈ మాట రాసేటప్పుడు అన్నయ్య గుర్తుకొస్తున్నాడు. ముప్పై దాటకుండానే సొంతిల్లు కట్టుకున్నవాడు, కూతురు మాత్రం ముగ్గురమ్మాయిలతో ఒకే గది పంచుకుంటోందంటే నమ్మడు. "మీ తరం వాళ్ళకి పొదుపు తెలియదమ్మా, సంపాదనంతా సెల్‌ఫోన్లకే తగలేస్తారు" అంటాడు. "ఈ ఫోన్ అమ్మితే గడప వస్తుందేమో నాన్నా, దాని మీద మిగతా ఇల్లు నువ్వు నిలబెడతావా?" అంటుంది అది. ఇద్దరూ నా వంక చూస్తారు. నేను టీ పెట్టడానికి లేస్తాను.

రెండు. నా నలభయ్యో పుట్టినరోజుకు అన్నయ్య బీపీ మిషను తెచ్చిచ్చాడు. "ఇక నుంచి నీకు ఇలాంటివే పనికొస్తాయి" అన్నాడు. నేటికీ పెట్టె విప్పలేదు. సదరు మిషను, పెట్టెతో సహా, సర్వహక్కులతో అన్నయ్యకే చెందాలి. వాడుకుంటాడనే ఆశిస్తున్నాను. అతని ఆరోగ్యం విషయంలో నాకు నిజంగానే బెంగ ఉంది.

మూడు. బ్యాంకులో ఉన్నది పెద్దమ్మకూ మేనకోడలికీ చెరి సగం. దీని గురించి చర్చ వద్దు.

నాలుగు. స్టీలు ఫ్లాస్కు ఇంజినీరుకు. మూత వదులైంది, అతనికి తెలుసు.

ఐదు. పడకగది గోడలో ఉన్న పెద్ద అలమర. ఇంటి యజమాని అనుమతితో అరలు తీయించి, లోపల పాత బొంతలు కుట్టించి, సాధన చేసుకోవడానికి గదిలా మార్చుకున్నాను. ఇల్లు వదిలే రోజున బొంతలూ, లోపలి దీపమూ, ఎత్తు పీటా పెద్దమ్మకూ మేనకోడలికీ ఉమ్మడిగా చెందాలి. అందులో ఒక్కరే పడతారు. వంతు కోసం పోట్లాడుకోవాలి. నేనున్నప్పుడూ అంతే జరిగింది. "నానమ్మా, ఇంకా ఎంతసేపు?" అని మేనకోడలు బయట నుంచి తలుపు కొట్టడం, "లోపల మనిషుంది" అని ఆవిడ టెలిఫోన్ గొంతుతో జవాబివ్వడం, ఈ ఇంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన శబ్దాలు.

ఆరు. నా గొంతు. ఇది పిత్రార్జితమో స్వార్జితమో లాయరమ్మ కూడా చెప్పలేకపోయింది.

పుట్టినప్పుడు వచ్చింది ఒక గొంతు. దానితో చాలా ఏళ్ళు హీరోయిన్ల స్నేహితురాళ్ళకు చెప్పాను. నలభై దాటాక ఆ పిలుపులు ఆగిపోయాయి. గొంతు మారలేదు, నేను పుట్టిన సంవత్సరం ఎవరికో తెలిసింది, అంతే. నేను సంపాదించుకున్నది బామ్మ గొంతు. గడ్డం దించి, కంఠం మీద రెండు వేళ్ళతో మెల్లగా తడుతూ, వాక్యం మధ్యలో ఊపిరి పీలిస్తే చాలు, ఎవరైనా ముసలివాళ్ళైపోతారు. ఇన్నేళ్ళుగా నా భోజనం ఆ రెండు వేళ్ళ మీదే నడిచింది.

పోయిన ఏడాది ఒక సీరియల్లో నాయనమ్మ పాత్రకు గొంతులు పరీక్షిస్తుంటే పెద్దమ్మను తీసుకెళ్ళాను. రిటైరైనప్పటి నుంచీ ఆవిడకు పని మీద ఆశ. స్క్రిప్టు ఒక్కసారి చూసుకుని, తడబడకుండా, ప్రతి అక్షరమూ విడివిడిగా వినిపించేలా చెప్పింది. డైరెక్టరు ముప్పై దాటని కుర్రాడు, మర్యాదస్తుడే. "చాలా బాగా చెప్పారమ్మా. కాకపోతే ముసలావిడలా లేదు" అన్నాడు.

"నాకు డెబ్బై ఒకటి నాయనా" అంది పెద్దమ్మ.

"మీకుంటే సరిపోదమ్మా, గొంతుకుండాలి."

ఆ పాత్ర నాకిచ్చారు. వేళ్ళు కంఠం మీద పెట్టుకున్నాను. మొదటి టేకే ఓకే అయింది. అద్దం అవతల పెద్దమ్మ చప్పట్లు కొట్టడం కనిపించింది, వినిపించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "ఏమే, నేను అలా మాట్లాడతానా?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఎవరు మాట్లాడతారే అలా?" అంది. గొంతు వణికే పెద్దవాళ్ళను చూడలేదని కాదు. జబ్బుపడ్డవాళ్ళను చూశాను, ఏడుపు ఆపుకుంటున్నవాళ్ళను చూశాను. ఆ మాటకొస్తే పని అడగడానికి వచ్చిన ఇరవై ఏళ్ళవాళ్ళ గొంతు అంతకంటే ఎక్కువ వణుకుతుంది. వాళ్ళను మాత్రం ధైర్యంగా మాట్లాడమంటారు.

కొన్ని రోజులకు అలమరలోంచి ఎవరిదో తెలియని గొంతు వినిపించింది. తలుపు తీస్తే పెద్దమ్మ, కంఠం మీద రెండు వేళ్ళు పెట్టుకుని. నన్ను చూసి సిగ్గుపడలేదు. "మంచి సమయానికి వచ్చావు. ముసలితనం సరిగ్గా వస్తోందా, ఇంకాస్త వణకాలా?" అంది.

బామ్మ గొంతు మెళకువలన్నీ పెద్దమ్మకు చెందాలని మొదటి ప్రతిలో రాసి కొట్టేశాను. అక్కర్లేనివాళ్ళకు అది అంటగట్టడం ఏం మర్యాద? దానికి బదులు ఒక కోరిక. ఆ సీరియల్ పరీక్షలో పెద్దమ్మ చెప్పిన టేకును ఇంజినీరు చెరపకుండా దాచాడు. అది నా ఆస్తి కాదు, ఆ సంగతి తెలుసు. అయినా నా తర్వాత స్టూడియోకు ఏ బామ్మ పాత్ర వచ్చినా, చెప్పిందెవరో, వయసెంతో చెప్పకుండా, ముందు ఆ టేకును వినిపించాలి. వద్దంటే వద్దననీ. విని అననీ.

ఏడు. సంఘం కార్డు. ఈ కాగితం రాయడానికి అసలు కారణం.

తెలియనివాళ్ళ కోసం: కార్డు ఉన్నవాళ్ళకే పూర్తి కూలీ, తెర మీద పేరు. లేనివాళ్ళను, ఎన్నాళ్ళు చేసినా, నేర్చుకునేవాళ్ళ కిందే లెక్కవేస్తారు. కొత్త కార్డులివ్వడం ఎప్పుడో ఆపేశారు. ఉన్న కార్డు కుటుంబంలో ఒక్కరికి దాటుతుంది. మా మేనకోడలు పిల్లల గొంతులకు పెట్టింది పేరు. మునివేళ్ళ మీద నిలబడి చెబుతుంది, గొంతు దానంతటదే పైకి వెళుతుందట. తెర మీద ఆ పేరు ఎప్పుడూ పడలేదు. "నేర్చుకునే వయసు, డబ్బు గురించి ఆలోచించకమ్మా" అంటారు దాన్ని. "ఈ వయసులో డబ్బెందుకమ్మా" అంటారు పెద్దమ్మను. ఒకరికి వయసు ఇంకా రాలేదు, ఇంకొకరికి దాటిపోయింది. మధ్యలో నాకు అది ఎప్పుడొచ్చిందో నేను గమనించనేలేదు.

పెద్దమ్మ పేరు రాస్తానంటే సంఘం కార్యదర్శి నవ్వాడు. లాయరమ్మ నవ్వలేదు గానీ, "వీలునామా కిందికి రాస్తారండీ, పైకి ఎవరు రాస్తారు?" అంది. ఆస్తి నీళ్ళలాంటిదా, పల్లానికే పారాలా? కొంచెం ఆలోచించి ఆవిడే దారి చూపింది: ముందు పెద్దమ్మకు, ఆవిడ లేని పక్షంలో మేనకోడలికి. ఎంత చక్కగా ఉందో అనుకుని ఇంటికొచ్చి చదివి వినిపించాను.

"అంటే మీరిద్దరూ పోతే గానీ నాకు రాదన్నమాట" అంది మేనకోడలు. "అత్తా, మరి నేను మీ ఆరోగ్యం కోరుకోవాలా వద్దా? ముందే చెప్పేస్తే మంచిది."

ముగ్గురం నవ్వాం. దాని నవ్వు ముందుగా ఆగింది.

"దాని పేరే రాయవే, నేను నీకంటే ముందు పోతాను" అంది పెద్దమ్మ, రైలు టికెట్టు చేతిలో ఉన్నట్టు. "వద్దు, నానమ్మ పేరే రాయి, ఒక్క రోజైనా కార్డు పట్టుకుని స్టూడియోకి వెళ్ళాలి. నాకు టైముంది కదా" అంది ఇది. అనేసి నాలుక కరుచుకుంది. అందరూ దానికి చెప్పే మాట అదే. అందుకే నా తదనంతరం ఇంజినీరు వీళ్ళిద్దరినీ మీకు కావాలా అని అడగకూడదు. మర్యాద కొద్దీ ఇద్దరూ అబద్ధమే చెబుతారు.

రాస్తున్నాను: నా తదనంతరం నా కార్డు నా మేనకోడలికి చెందాలి. పెద్దమ్మ ముందు పోతుందనే లెక్కతో కాదు. మునివేళ్ళ మీద ఎవరూ ఎక్కువ కాలం నిలబడలేరు, అందుకు. పెద్దమ్మా, ఈ వాక్యం నువ్వు చదివే రోజు వస్తే, నిన్ను ముసలిదానివని తప్పించలేదని నమ్ము. నేను పూర్తిగా నమ్మలేకపోతున్నాను, నువ్వైనా నమ్ము.

ఎనిమిది. నిజానికి ఇది నిబంధన కాదు. సంఘం నియమాల్లో చివరన ఇంకో వాక్యం ఉంది. సభ్యులు బతికుండగానే కార్డును కుటుంబంలో ఒకరికి బదిలీ చేయవచ్చు, ఆ రోజు నుంచి ఇచ్చినవాళ్ళు ఇక పని చేయకూడదు. ఆ పేజీ వంటగదిలో బల్ల మీద మూడు రోజులు ఉంది. ముగ్గురం చదివాం. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నాలుగో రోజు బల్ల తుడిచేటప్పుడు నేనే తీసి లోపల పెట్టాను.

మేనకోడలికి పని అవసరం. నాకూ అవసరమే. కానీ నాకున్నది అవసరమా, అలవాటా? అన్నయ్య ఇల్లు గట్టిగా పట్టుకున్నాడని నవ్వుకునే నేను కార్డును ఎలా పట్టుకున్నాను? రేపు ఇచ్చేస్తే, వణకని పెద్దమ్మ పక్కన వేళ్ళు కంఠం మీద పెట్టుకుని నేనెవరిని? ఈ వీలునామా ఇవ్వడానికి రాశానో, చచ్చేదాకా ఇవ్వకుండా ఉండడానికి రాశానో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. తేలనిది తేలనట్టే రాసి సంతకం చేస్తున్నాను.

తేదీ: మూడో నెల, పదకొండు, మంగళవారం ఉదయం.

(సంతకం)
బామ్మ

సాక్షులు, నా ఎదుట చదివించుకుని సంతకం చేసినవారు:
1. కింది అంతస్తు దర్జీ
2. వీధి మొగలో మందుల షాపు నడిపే ఆవిడ