ఒక్క హారం, నాలుగు బిల్లులు

మంగళవారం, రాత్రి.

పొద్దున బ్యాంకువాళ్లు నా ఖాతా ఆపేశారు. ఆధార్‌లో మా ఊరి చిరునామా ఉందట, నేను కిరాయికుండేది మీర్‌పేట్‌లోనట. నల్లడబ్బును ఆపే చట్టమట! నా జీతమంతా అందులోనే ఇరుక్కుంది.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే నగల దుకాణానికి ఒకడు సంచినిండా నోట్లు తెచ్చాడు. ఎక్కడివని అడిగే దిక్కు లేదు. పెద్ద బిల్లయితే పాన్ కార్డు చూపాలని, సేటు ఒక్క హారానికి నాలుగు చిన్న బిల్లులు మా పనివాళ్ల పేర్ల మీద రాశాడు.

"నా పేరు తీసెయ్యుండ్రి సేట్. రేపు జైలుకు నేను పోవాల్నా?"

"గంత భయమేందిరా నీకు? పో, బయట నిలబడు."

నా పేరు కొట్టేసి వాచ్‌మన్ యాదయ్య పేరు ఎక్కించాడు. ఒళ్లు మండి, బయటికొచ్చి యాదయ్యకు చెప్పేశాను. ఆయన నవ్వాడు.

"పోనీ తియ్ బిడ్డా. నా పేరు మీద బంగారం రాసుడు గిదే మొదలు."