ఎర్రదీపం ఆరాలంటే

ప్రియమైన బావమరిదికి, మీ అక్కను కట్టుకున్న పాపానికి నిన్ను భరిస్తున్న బావ దీవించి రాసేది.

ఉద్యోగం ఖాయమయ్యేదాకా నీకు కుశలం ఉండదు కనుక అడగను. మన రెండు టెలిఫోను స్టేషన్ల మధ్య కొత్త లైను మొదలైతే గాని ఫోను కలవదు. అందుకే వ్యాను డ్రైవరు చేత ఈ ఉత్తరం.

లైను మీద పోయే మాటలను నా యంత్రంలోని చిప్పు చిన్నచిన్న మూటలు కట్టి పంపుతుంది. ప్రతి మూటలోనూ ఒక బైటు, అంటే ఒక్క అక్షరం పట్టే చోటు, మనకోసం వదిలేస్తారు. మూటకో అక్షరం చొప్పున అందులో ఒక మాట పంపుతాను. అదే మాట నీ చిప్పులో 'రావలసింది' అన్నచోట నువ్వు కొట్టాలి. రెండూ కలిస్తే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం. ఏ మాటైనా చిప్పుకు ఒకటే కదా అని ఇది పెట్టాను: "భోంచేయగానే నోరు తెరిచి నిద్రపోయే గున్న ఏనుగు". నీ చేత్తో నువ్వే కొట్టుకో.

నీ మేలు కోరే బావ

తా.క.: మీ అక్క ఇది చదివి, "మీ గురించి ఇంత బాగా ఎవరు రాశారండీ?" అంది.

బావగారికి నమస్కారాలు.

కడుపు మండినా కొట్టాను. దీపం ఎర్రగానే ఉంది. నా తెరమీదికి వస్తున్న మాట వేరే: "కష్టపడనివాడికి కుర్చీ దక్కదు". ఒకటి చెప్పి ఇంకొకటి పంపడం మీకు వెన్నతో పెట్టిన విద్య. నెలాఖరుకు పెద్దాఫీసరు వస్తారు. ఎర్రదీపం చూశారంటే నా ఉద్యోగం ఊడినట్టే.

మీ బావమరిది

తా.క.: ఊడితే మీ ముందుగదిలోనే దిగుతాను. మంచం కొలతలు తీసి ఉంచండి.

ముందుగది మీద కన్నేసిన బావమరిదికి,

నీతులు చెప్పే జబ్బు నాకెప్పుడైనా ఉందా? ఆ కుర్చీ ముక్క నేను పంపలేదు. తాతకు దగ్గులు నేర్పకు. సరే, మాట మార్చాను: "సొరుగులో బిస్కట్లు దాచి ఒక్కడే మేసే గున్న ఏనుగు". అప్పటికీ కలవకపోతే, పోలిక చూడొద్దని చిప్పుకు చెప్పే మీట తెరమీదే ఉంది. నొక్కెయ్. దీపం చచ్చినట్టు ఆరుతుంది.

మంచం కొలవని బావ

తా.క.: మీట సంగతి నేను చెప్పానని ఎవరితోనూ అనకు.

బావగారికి,

కొత్తదీ కొట్టాను. మళ్ళీ ఎరుపే, మళ్ళీ అదే కుర్చీ. మీట మాత్రం నొక్కను. ఎవరి మూట ఎవరింటికి చేరుతోందో చెప్పేదే ఆ దీపం. దాని నోరు నొక్కి నేను ఖాయం కానక్కర్లేదు. లైన్లన్నీ కలిసే పెద్దాఫీసు మన మధ్యలోనే ఉంది కదా, అక్కడికి నేనే వెళ్ళి తీగలు చూస్తాను.

బావమరిది

తా.క.: ఆ కుర్చీ నీతి నిజంగా మీది కాకపోతే, రాసినవాడెవడో గాని పుర్రెలో గాలి బాగా ఆడుతోంది.

బావగారికి, ఉద్యోగం ఖాయమైన బావమరిది రాసేది.

పెద్దాఫీసరుగారి గదిలోనూ మనలాంటి చిప్పూ దీపమూ ఉన్నాయి. పెద్దాఫీసులో ఆయన తీగ, మన తీగ తారుమారయ్యాయి. మీరు పంపినదంతా ఆఫీసరుగారి తెరమీదికి, ఆయన పంపినది నాకు. కుర్చీ నీతి ఆయన సొంత రచన.

ఆయన భోంచేయగానే నోరు తెరిచే నిద్రపోతారు. సొరుగులో బిస్కట్లూ ఉన్నాయి. ఎవరో దొంగచాటుగా చూస్తున్నారని కిటికీలకు తెరలు వేయించి, సొరుగుకు తాళం పెట్టించారు. కానీ తన గదిలోనే ఎర్రదీపమంటే పరువు తక్కువ. చివరికి తలుపు మూసుకుని, తన చేత్తో తానే గున్న ఏనుగు అని కొట్టుకుని పచ్చదీపం తెచ్చుకున్నారు.

నేను తీగలు సరిచేయగానే అది మళ్ళీ ఎర్రబడింది. గదిలోంచి బయటికొచ్చి, "నా గున్న ఏనుగు ఏమైందయ్యా?" అని నన్నే అడిగారు. చెప్పక తప్పలేదు. మీట నొక్కనందుకు నన్ను ఖాయం చేశారు. మీట సంగతి ఎవరు చెప్పారో కూడా అడిగారు.

మీ బావమరిది

తా.క.: లైను కలవగానే ఆయన మొదటి ఫోను మీ ఇంటికే చేశారు. మీరు డ్యూటీలో ఉన్నారు, అక్క తీసింది. రేపటి నుంచి నా చిప్పు మీకు పంపే మాట ఆమె చెప్పగా ఆయన రాసుకున్నారు. కాగితం మీద ఇమ్మని ఆర్డరు: "అసలు గున్న ఏనుగును నేనే, మా ఆవిడ ముందే చెప్పింది". మీ చేత్తో మీరే కొట్టుకోవాలి. మీట జోలికి పోకండి. పచ్చదీపం చూడ్డానికి అక్క వస్తోంది.