సెలూన్ గదికి పాలిష్ పెట్టిన చేతులు

సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్,
14 నవంబరు 2024, గురువారం ఉదయం.

పూజ్యులైన తాతగారు జ్ఞానరత్నం గారికి, మనవరాలు ఎవాంజలిన్ వందనాలతో రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. పలాసలో మీరు, రూతు మామ్మ, చిన్నతాత అందరూ సుఖంగా ఉన్నారని తలుస్తాను.

ఉత్తరం ఇలా మొదలుపెట్టాలని నువ్వే నేర్పావు కాబట్టి రాశాను. ఇక "మీరు" అనలేను తాతా, చెయ్యి సాగడం లేదు.

ముందు ఒక్క మాట. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు ఆ పుస్తకం ఎవరికీ చూపించకు. ముఖ్యంగా జెఫ్రీ బావ చేతికి ఇవ్వకు. ఆదివారం మామ్మా చిన్నతాతల యాభయ్యో పెళ్ళిరోజు ప్రార్థన అయ్యాక, భోజనాల ముందు, వాళ్ళ మనవడైన బావ ఇంగ్లీషు బాగా చదువుతాడు గనక అతనిచేత పద్నాలుగో పేజీ చదివించి, అందరికీ తెలుగులో చెప్పిస్తానని నిన్న ఫోనులో అన్నావు. ఫోనులోనే చెబుదామంటే నీకు వినపడాలని మామ్మ స్పీకరు పెడుతుంది, ఇంట్లో పదిమందీ వింటారు. అందుకే రాస్తున్నాను. పక్క వీధి రాబిన్ అన్న ఆ ప్రార్థనకే సాయంత్రం బండికి వస్తున్నాడు, అతని చేతికిస్తాను.

ఇక్కడ నాన్నకు ఈ వారం ఉదయం డ్యూటీ. అమ్మ నీ పరుపు ఎండలో వేసింది. క్వయర్‌లో క్రిస్మస్ పాటలు మొదలయ్యాయి, నువ్వు లేక మగగొంతుల వరస పలచబడింది. ఎదురింటి అప్పలనర్సమ్మ అత్త రోజూ గుమ్మం దగ్గర ఆగి, మీ తాత పేపర్లో పడ్డాడంట గదా, మావంటోలకి సూపించకుండా పట్టుకెల్లిపోనాడేటి అని అడుగుతోంది. పేపరు కాదత్తా, పుస్తకం అంటే, పుస్తకమైతే ఇంకా గొప్పే గదే గుంటా అంది. నేను నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో నాకే తెలియదు.

నీకు తెలిసిందే అయినా అంతా వరసగా రాస్తాను. వరసగా రాస్తే గానీ చెప్పాల్సిన చోటికి వెళ్ళే ధైర్యం నాకు రాదు.

వేసవిలో నేను మౌసుమి దీదీ ఆఫీసులో చేరాను కదా. డబ్బున్నవాళ్ళ ఇళ్ళకు లోపలి హంగులు కూర్చిపెట్టడం ఆవిడ పని. పూర్తయిన ఇంటికల్లా ఫోటోలతో ఒక నున్నటి పుస్తకం వేస్తారు. ఫోటోల పక్కన ఇంగ్లీషు మాటలు రాయడం, కాలేజీ అయ్యాక, నా పని. స్నానాల తొట్టి గురించి ఎనిమిది వాక్యాలు రాయాలంటే ఎన్ని మాటలు కావాలో అప్పుడు తెలిసింది. కొత్త మాట దొరికితే నోటుపుస్తకంలో రాసుకుని, దారంతా నోట్లో చప్పరిస్తూ వచ్చేదాన్ని.

నిన్ను మొదటిసారి సాలువా దారిలోని ఆ పెద్ద ఇంటికి తీసుకెళ్ళిన రోజు గుర్తుందా? తువ్వాళ్ళను వెచ్చగా ఉంచే కమ్మీ చూసి, తువ్వాలకి సలేస్తాదేటి అని అడిగావు. వైన్ సీసాలకు విడిగా ఏసీ ఉన్న అల్మారా ముందు చాలాసేపు నిలబడి, మా రైల్వే షాపులో నలబై మందికి రెండు ఫేన్లు, ఈ సీసాలు ఏ జన్మలో పున్నెం సేసుకున్నాయో అన్నావు. దగ్గరికి వెళ్ళగానే కమోడ్ మూత దానంతటదే లేస్తే నువ్వు బెదిరి గుడ్ మార్నింగ్ చెప్పావు. దీదీ కూడా నవ్వేసింది.

కానీ రెండో అంతస్తులో ఆ గది తలుపు తీయగానే నువ్వు గోడ మీద అరచెయ్యి ఆనించావు. పెద్ద ఆఫీసర్లు లైను తనిఖీకి వెళ్ళే సెలూన్ రైలుపెట్టెలా కట్టించుకున్న భోజనాల గది అది. ఒంపు తిరిగిన కప్పు, టేకు పలకల గోడలు, ఇత్తడి సామాను గూళ్ళు, నడుమ పన్నెండు మంది కూర్చునే బల్ల. కిటికీల స్థానంలో టీవీ తెరలు. మీట నొక్కితే వాటిలో మంచుకొండలు వెనక్కి పరుగెడతాయి. ఇది ఏ సెక్షను, ఎంత దూరం పోయినా ఒక్క సిగ్నలూ రాదేటి అని అడిగావు. నిజం బండి కూత వినపడకుండా ఆ ఇంటి కిటికీలన్నిటికీ మూడు పొరల అద్దాలు వేయించారని నేను అప్పుడు నీకు చెప్పలేదు.

గోడలకూ బల్లకూ కలకత్తా నుంచి వచ్చినవాళ్ళు మిషనుతో పాలిష్ కొట్టి వెళ్ళారు. యజమానికి నచ్చలేదు. దీదీ తల పట్టుకుంటే, మా తాత రైలుపెట్టెలు బాగుచేసే కేరేజీ షాపులో ముప్పై ఆరేళ్ళు సెలూన్లకు చేత్తో పాలిష్ పెట్టాడని నేనే చెప్పాను. నువ్వు పలకను గోరుతో గీకి, వాసన చూసి, ఇది పాలీసు కాదమ్మా, రెయిన్‌కోటు అన్నావు. ఆ మాటతోనే పని నీకు వచ్చింది.

ఇరవైమూడు రోజులు. లక్క రేకులు స్పిరిట్‌లో నానబెట్టి, దూది ముద్దకు పాత పంచె గుడ్డ చుట్టి, గుండ్రంగా, మళ్ళీ గుండ్రంగా రుద్దడం. డెబ్బై నాలుగేళ్ళ భుజంతో. ఇంటికొచ్చాక అమ్మ కాపడం పెడుతుంటే నొప్పి అనలేదు, ఆకలి అన్నావు. సెలవు రోజుల్లో నేను నీ పక్కన కూర్చుని నీ మాటలు రాసుకున్నాను. ఊపిరి ఆగినా పర్నేదు, సెక్క మీద ముద్ద ఆగకూడదు అన్నావొకసారి. ఆ రోజంతా దాన్నే గొణుక్కుంటూ తిరిగాను. మాటంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

చివరి పూతకు ముందు నా పెన్సిల్ అడిగి తీసుకుని బల్ల కింద దూరావు. షాపులో ఆనవాయితీ అట. పాలిష్ చేసినవాడు కనపడని చోట తన పేరు రాసి, దానిమీద ఆఖరి పూత వేసేస్తాడట. ఎవరూ చూడని చోట ఎందుకు తాతా అంటే, సూసేవోడికి కాదే గుంటా, రేపెప్పుడో గీకేవోడికి, ఇది ఎవుడి సెయ్యో ఆడికి తెలియాల అన్నావు. ఏం రాశావో చూపించమంటే, మోకాల్లు పట్టేసినాయి, ముందు నన్ను లెగనియ్యి అన్నావు.

దీపావళి ముందు పుస్తకం వచ్చింది. పద్నాలుగో పేజీ నిండా ఆ బల్లే. నువ్వు కళ్ళద్దాలు తుడుచుకుని, నాకు ఇంగిలీసు రాదు గదా, నా గురించి ఏటి రాసినావో తెలుగులో సదువు అన్నావు. నేను చదివాను: ఖరగ్‌పూర్ కేరేజీ షాపులో ముప్పై ఆరేళ్ళు సెలూన్లకు మెరుగు పెట్టిన జ్ఞానరత్నం గారి చేతిపని ఇది. మళ్ళీ చదవమన్నావు, చదివాను. మూడోసారి నాన్న వినాలని చదివించావు. అప్పుడు ముప్పై ఐదేళ్ళు అన్నాను కాబోలు, ఇందాక ముప్పయ్యారు గదే అన్నావు. అచ్చు చిన్నదిగా ఉంది తాతా అన్నాను. నా సర్వీసులో నా పేరు కాయితం మీదకెక్కింది రెండే సార్లు, సేరినప్పుడొకసారి దిగిపోయినప్పుడొకసారి, ఇది మూడోది అన్నావు. నా పేరెక్కడుందో సూపించు అన్నావు. నీ వేలు పట్టుకుని ఒక పొడుగాటి మాట మీద పెట్టాను. దాని కింద నువ్వు పెన్సిల్‌తో గీత గీసుకున్నావు.

తాతా, ఆ పేజీలో నీ పేరు లేదు. నేను చదివిందేదీ అక్కడ లేదు.

అక్కడ ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో ఇలా ఉంటుంది. "ఇలాంటి మెరుగు పెట్టిన చేతులు ఇప్పుడీ లోకంలో లేవు. పేరు తెలియని చేతులు. అవి వెళ్ళిపోయాయి, వెలుగొక్కటే మిగిలింది." ఆదివారం జెఫ్రీ బావ అందరి ముందూ చదివేది ఇదే. నువ్వు ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందు వరస కుర్చీలో కూర్చుని ఉంటావు.

నీ పేరు ఆఫీసులో తీసేశారు. అచ్చుకు వెళ్ళేముందు చోటు చాలదని ఇలా ఏదో ఒకటి తీసేస్తుంటారు. నేను చిన్నదాన్ని, నా మాట ఎవరు వింటారు? ఆ రోజే నీకు చెప్పాల్సింది. నీ ముఖం చూసి చెప్పలేకపోయాను. తర్వాత నువ్వు దాన్ని గోల్‌బజార్ తీసుకెళ్ళి ప్లాస్టిక్ అట్ట వేయించావు. చేపల దుకాణం దాదాకు చూపిస్తే, అతను చేతులు తుడుచుకుని పైకి చదవబోయాడు. నేను మధ్యలో సంచీ పెట్టి ఇలిష్ ఎంత దాదా అని అడిగాను. ఖరీదని మన ఇంట్లో ఏనాడూ కొనని చేప. నువ్వు నావంక ఆశ్చర్యంగా చూశావు. అయినా అర కిలో కొన్నావు, మనవరాలు అడిగిందని. ఆ పూట నా కంచంలో పెద్ద ముక్క వేశావు. ముళ్ళు ఎక్కువగా ఉన్నాయని చెప్పి సగం వదిలేశాను.

ఒక్క ఊరట ఉంది. పుస్తకంలో లేకపోయినా ఆ బల్ల కింద నీ పేరుంది. మధ్యాహ్నం దీదీ ఆ ఇంటికి వెళ్తోంది, నేనూ వెళ్తాను. ఫోటో తీసి, ప్రింటు వేయించి ఈ కవర్లోనే పెడతాను. ఆదివారం పుస్తకానికి బదులు అది చూపించు. పుస్తకం పొరపాటున ఖరగ్‌పూర్‌లో మరిచిపోయి వచ్చానని చెప్పు. ప్రార్థన కూటంలో నీచేత అబద్ధం చెప్పిస్తున్నానని తెలుసు. నన్ను క్షమించు.

మామ్మకూ చిన్నతాతకూ నా శుభాకాంక్షలు చెప్పు. భుజానికి నూనె రాసుకోవడం మానకు.

ఇట్లు,
నువ్వు అక్షరాలు దిద్దించిన
ఎవాంజలిన్

తాజాకలం: సాయంత్రం నాలుగున్నర. ఫోటో పెట్టి అంటించిన కవరు మళ్ళీ చింపాను.

ఇప్పుడే ఆ ఇంటి నుంచి వచ్చాను. దీదీ కొత్త దీపాల సంగతి మాట్లాడుతుంటే నేను బల్ల కింద దూరి ఫోను లైటు వేశాను. పూత కింద నీ గుండ్రటి అక్షరాలు నిన్న రాసినట్టున్నాయి. నీ పేరు కోసం వెతికాను తాతా. అక్కడ కూడా లేదు. "ఎవాంజలిన్ తాత, ఖరగ్‌పూర్" అని ఉంది. ఫోటో కవర్లో ఉంది, చూసుకో.

నేను బయటికి వచ్చేసరికి యజమాని భార్య ఎవరో చుట్టాలకు పద్నాలుగో పేజీ చదివి వినిపిస్తోంది. ఎంత బాగా రాశావు అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నీ పేరు ఆఫీసువాళ్ళు తీసేయలేదు. పైన రాసింది అబద్ధం. నేను రాసిన ప్రతిలోనే నీ పేరు లేదు. అది చూసి దీదీ పక్కన ఎర్ర సిరాతో, మీ తాతగారి పేరు పూర్తిగా రాయి అని రాసింది. నేను ఆ ఎర్ర మాటల మీద గీత కొట్టి, వద్దు దీదీ, తాతకు ఇలాంటివి ఇష్టం ఉండవు అన్నాను. నిన్ను చూసి సిగ్గుపడి కాదు తాతా. వాక్యం అంత బాగా కుదిరింది. చేతులు వెళ్ళిపోయాయి, వెలుగొక్కటే మిగిలింది అని రాసుకున్నప్పుడు నా మాటకు నాకే ఒళ్ళు జలదరించింది. అందులో నువ్వు బతికి ఉంటే, నీకొక పేరుంటే, అది పాడవుతుంది. అందుకని నిన్ను తీసేశాను. పేజీ అడుగున చిన్న అచ్చులో "మాటలు: ఎవాంజలిన్" అని మాత్రం ఉండనిచ్చాను. నువ్వు పెన్సిల్‌తో గీత గీసుకున్న ఆ పొడుగాటి మాటకు అర్థం "పేరు తెలియని" అని.

తిరిగి వచ్చేటప్పుడు కారులో దీదీకి నిజం చెప్పాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పుస్తకాలన్నీ పంచేశారు, మళ్ళీ వేయరు.

ఈ ఉత్తరం మొదటి పేజీలో, పుస్తకం ఎవరికీ చూపించకు అని రాసిన వాక్యం కొట్టేశాను, చూడు. మరిచిపోయి వచ్చానని చెప్పు అన్నది కూడా కొట్టేశాను. నీకు మనసొప్పకపోతే పుస్తకం, ఉత్తరం రెండూ పెట్టె అడుగున పడెయ్యి, నేను అడగను. మనసొప్పితే మాత్రం ఆదివారం జెఫ్రీ బావచేత పద్నాలుగో పేజీ చదివించు, ఉన్నది ఉన్నట్టు. అది అయ్యాక రూతు మామ్మచేత ఈ ఉత్తరం చదివించు, ఈ చివరి ముక్కతో సహా. ఆ బల్లకు పాలిష్ పెట్టింది జ్ఞానరత్నం, కేరేజీ షాపు, పాలిష్ సెక్షన్, ముప్పై ఆరేళ్ళ సర్వీసు. ఇక్కడ మామ్మను కాస్త గట్టిగా చదవమను.